‘మెత్తనివాడు’ అన్న మెప్పు వెనక: స్పీకర్‌గా బాలయోగి

జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా చిరునవ్వు, ఓర్పు, మెత్తదనం అంటారు. మంచిదే. కానీ అగ్రకుల స్పీకర్లను మనవాళ్లు నవ్వుతో కొలిచారా? వాళ్లిచ్చిన రూలింగులతో కొలిచారు. దళితుడికి మాత్రం ప్రవర్తన సర్టిఫికెట్ ఇచ్చి సరిపెడతారు. మేము ఆయన్ని పనితోనే కొలవదలిచాం.

ఎదుర్లంకలో సామాన్య రైతు కుటుంబం. కాకినాడలో వకీలు పని. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్మన్. 1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభ. 1998 మార్చి 24న లోక్‌సభకు తొలి దళిత స్పీకర్. అయితే ఆ కుర్చీ దళితుల వాటాగా రాలేదు. 12 మంది ఎంపీలున్న తెలుగుదేశం వాజపేయికి బయటినుంచి మద్దతిచ్చిన బేరంలో వచ్చింది. పైగా అది నోరు కట్టేసే కుర్చీ. స్పీకర్ చర్చలో పాల్గొనడు. ఓట్లు సమానమైతే తప్ప ఓటెయ్యడు. 1991 ఆగస్టులో చుండూరులో మాలల్ని నరికి చంపిన దశాబ్దంలోనే, సభలో అందరికన్నా ఎత్తున కూర్చున్న దళితుడు ఆ ఊరి మాట ఎత్తే వీల్లేదు.

మరి ఆ కట్టుబాట్లలోనే ఏం చేశారు? 1999 ఏప్రిల్ 17న విశ్వాస పరీక్ష. ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటెయ్యొచ్చా అన్న పేచీ వచ్చింది. బాలయోగి దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలారు. ఆయన ఓటేశారు. 269–270. ప్రభుత్వం పడిపోయింది. సొంత పార్టీ నిలబెట్టాలనుకున్న ప్రభుత్వమది! అడ్డుకుంటే అడిగేవాడెవడు? అడ్డుకోలేదు. దీన్ని మెత్తదనం అనలేం.

రెండో పనిని మేము మెచ్చుకోలేం. 2001 నవంబరులో సభామర్యాదల మీద అఖిలభారత సదస్సు పెట్టారు. డిసెంబరు 5న 374ఏ నిబంధన వచ్చింది. వెల్‌లోకి దూసుకొచ్చి గొడవ చేసిన సభ్యుడి పేరు స్పీకర్ పిలిస్తే చాలు, అయిదు సిట్టింగుల దాకా సస్పెన్షన్. సభ ఓటు కూడా అక్కర్లేదు. సంఖ్యాబలం లేనివాడికి గొంతే బలం. ఆ గొంతుకి తాళం వేసే వీలు మన మనిషి హయాంలోనే వచ్చింది. 2019 జనవరిలో అది తెలుగుదేశం సభ్యుల మీదే పడింది.

‘తొలి దళితుడు’ అని దండ వేసి ఊరుకుంటే ఈ రెండు పనులూ మరుగున పడతాయి. కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది మొదటి ప్రశ్నే. ఆ కుర్చీ నియమాల్ని ఎవరి కోసం మార్చారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. విద్యార్థులు ఆయన రూలింగులు తీసి చదవాలి. పొగడ్త కన్నా ఆ చదువే ఆయనకు మనమిచ్చే గౌరవం.