మగ పువ్వుకే మర్యాదా?

మొగలిలో మగ పొద వేరు, ఆడ పొద వేరు. ఆడ పొద అనాసపండును పోలిన కాయ కాస్తుంది. శ్రావణంలో జడలకెక్కే రేకులు, ఘుమఘుమలాడే ఆ లేతపసుపు పొత్తులు మగ పొదవి. శివపూజకు పనికిరాదని పక్కన పెట్టిన ఈ పువ్వునే అత్తరువాళ్లు నెత్తిన పెట్టుకున్నారు.

తీరాల వెంట చాలాచోట్ల మొగలి ఉన్నా, వ్యాపారంలో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం జిల్లాదే. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నేల అది. అక్కడి బరంపురం వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పువ్వును పొద్దున్నే కోయాలి. ఆకు అంచుల నిండా ముళ్లే. ఎండెక్కేకొద్దీ వాసన తగ్గిపోతుంది కనుక కోసిన పువ్వు ఆ రోజే బట్టీకి చేరాలి. డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టెలో ఉన్న భప్కా అనే పాత్రలోకి దిగి చల్లబడుతుంది. భప్కాలో ముందే చందన తైలం పోస్తే అత్తరు వస్తుంది. ఏ నూనె ఆసరా లేకుండా పువ్వు తైలాన్నే వేరుచేస్తే అది రూహ్. బిర్యానీలో, మిఠాయిల్లో చల్లేది వాసన పట్టిన నీరు. మంట ఎంత ఉండాలో పనివాడి చేతికే తెలుసు. చందనం ధర పెరిగాక దాని బదులు లిక్విడ్ పారఫిన్ పోయడం మొదలైంది. చౌకే, కానీ పారఫిన్‌కు తనదంటూ వాసన లేదు. మొగలికి చందనం ఇచ్చే లోతు అది ఇవ్వలేదు.

ఇంతవరకు చూస్తే కాపాడుకోవలసినవి మగ పొద, రాగి డేగ్ అనే అనిపిస్తుంది. తీరానికి ఆ రెండే చాలవు. మొగలి కాండం నుంచి దిగే ఊడలు ఇసుకను గట్టిగా పట్టుకుంటాయి. పొలం గట్టున అదే కంచె, అదే గాలికి అడ్డు. ఆ అడ్డు ఇక్కడ ఎంతో అవసరం: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ దగ్గరే. పూల కోసం పెంచేవారు మగ పొద పిలకలనే ఏరి నాటుతారు. ఇసుకను పట్టే పనిలో ఆడ పొద ఏమీ తీసిపోదు. పైగా గింజ నుంచి కొత్త రకం మొలవాలంటే దిక్కు అదే. పువ్వు ధర చూసి పొదకు విలువ కట్టడం మానాలి. తీరంలో గాలికి అడ్డుగా నాటే సరుగుడుకు ఇచ్చే చోటులో కొంత మొగలికి, అందులోనూ ఆడ పొదకు దక్కాలి.