స్టేషన్ గోడపై మిథిల: శ్రమదానం వెనుక ప్రశ్న

బీహార్‌లోని మధుబని రైల్వే స్టేషన్ గోడలను 2017లో స్థానిక చిత్రకారులు మిథిల చిత్రాలతో నింపారు. పూర్వం స్త్రీలు పెండ్లింటి కోహ్‌బర్ గది గోడలపై వేసిన ఈ కళ, 1960ల కరువులో ఉపాధి నిమిత్తం కాగితం మీదికి వచ్చింది. కనుక జీవనోపాధి ప్రశ్న దీనికి కొత్తది కాదు. అయినా స్టేషన్‌లో చిత్రకారులు పనిచేసింది కూలి లేకుండా, శ్రమదానంగా. (అదే గోడకు సున్నం వేసినవారికి బిల్లు చెల్లుతుంది!)

ప్రదర్శన గౌరవమే, కాదనలేం. కానీ వంశాభివృద్ధికి ప్రతీకలైన తామర, వెదురు ప్లాట్‌ఫారం చేరితే, వివరించే ఫలకం లేనప్పుడు, ప్రయాణికునికి అవి అలంకరణ మాత్రమే. కథకుడు లేని మన చేర్యాల పటానికీ ఇదే చిక్కు. రైల్వే శాఖ స్థానిక కళను కోరితే, రంగుల ఖర్చుతోపాటు చిత్రకారుల వేతనాన్నీ అంచనాల్లో చేర్చాలి. గోడపై వారి పేర్లు రాయించాలి.