మంజూరు, అనుమతి, ఆమోదము

మంజూరు, అనుమతి, ఆమోదము, అంగీకారము, ఉత్తరువు: ఈ మాటలను నేటి పత్రికలును, సభలలోని వక్తలును, అర్జీలు వ్రాయువారును ఒకదానికి మాఱుగా మఱియొకటి వాడుచున్నారు. అన్నియు ఒక్కటే గదా యని పలువురి తలంపు. అవి యొక్కటి కావనియు, ఆ భేదమును మఱచుటవలన పండితునికంటె పంట పండించువానికే యెక్కువ నష్టము కలుగుచున్నదనియు చూపుట యీ వ్యాసోద్దేశము. నిజామాబాదు జిల్లాలో పసుపును, బోధను ప్రాంతమున చెఱకును నమ్మి బ్రదికిన కుటుంబములకు ఈ చర్చ వట్టి వ్యాకరణచర్చ కాదు.

మా యిందూరు సీమలో వీనియన్నింటిలో మంజూరను మాటయే మిక్కిలి వాడుకలో నున్నది. నిజాము పాలనలో కచేరి వ్యవహారము ఉర్దూలో నడచుటచే అర్జీ, దాఖలు, జారీ, హుకుము, మంజూరు మొదలగునవి అక్షరము రానివారి నోటను గూడ తెలుగుమాటలై పోయినవి. ఇందుకు మేము విచారింపము. పరభాషనుండి వచ్చినంతమాత్రమున మాట చెడ్డది కాదు. అర్థ మెఱుగక వాడుటయే చెడ్డది. అరబ్బీలో నజరనగా చూపు. దానినుండి పుట్టిన మంజూరునకు మొదటి యర్థము 'చూచినది' యని మాత్రమే. ఒప్పుకొన్నదను నర్థము తరువాత వచ్చినది. కావున అర్జీ మంజూరైనదనగా అది పెద్దల కంటబడినదని మూలార్థము, నామంజూరైనదనగా కంటబడనిదని. నజరానాలోని నజరు వేఱు ధాతువునకు సంబంధించినది; దానికి మ్రొక్కుబడి యని యర్థము. జనులు ఈ రెంటిని ఒక్కటిగా వినుచున్నారు. ఆ పొరపాటు శాస్త్రసమ్మతము కాకున్నను, పూర్వపు కచేరీల నెఱిగినవారు దానిని పూర్తిగా నిరాధారమనజాలరు.

అనుమతి సంస్కృతపదము. ఒకని తలంపును వెంబడించు మఱియొకని తలంపు అనుమతి. ముందు ఒకడు ఒక కార్యమును సంకల్పింపవలెను. వెనుక పెద్దల మనస్సు దానితో నడువవలెను. నిజాము ప్రభుత్వమువారి 53వ గస్తీ ఈ క్రమమును తలక్రిందులు చేసినది. బహిరంగసభ జరుపవలెనన్న ముందుగా సర్కారువారి అనుమతి పొందవలెనని దాని శాసనము. వెనుక నడువవలసినది ముందు నిలిచి దారి నడ్డగించినది. 1937లో ఆఱవ ఆంధ్రమహాసభ మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఈ నిజామాబాదులోనే జరిగినది. అట్టి సభలు జరుపుటకు పూనుకొన్న ఆ తరమువారికి అనుమతి యను మాట నిఘంటువులోనిది కాదు, నిత్యానుభవములోనిది. 1948 సెప్టెంబరులో ఆ పాలన ముగిసినది. కాని 'ముందస్తు అనుమతి' యను పరస్పరవిరుద్ధమైన పదబంధము మాత్రము నేటికిని మన కార్యాలయములలో నిలిచియున్నది.

ఇక ఆమోదము. సంస్కృతమున దీనికి సంతోషమని యొక యర్థము, దూరమునకు వ్యాపించు పరిమళమని మఱియొక యర్థము. అంగీకారమన్ననో, ఒకదానిని తన యంగముగా చేసికొనుట. పరిమళము దూరమునుండియే సోకును; అంగమైనది మనతో పాటు నడచును, మనతో పాటు నొచ్చును. ప్రభుత్వమువారు ఒక కార్యము నామోదించుట సులభము, అంగీకరించుట కష్టము. మొదటిదానికి సంతకము చాలును. రెండవదానికి సొమ్మును, మనుష్యులును, గడువును కావలెను. మన పత్రికలు మొదటిదానిని రెండవదానిగా ముద్రించుచున్నవి.

ఇందుకు పసుపుబోర్డు కథకంటె మంచి యుదాహరణము లేదు. 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 170కి పైగా రైతులే; పసుపునకు బోర్డును, పసుపునకును ఎఱ్ఱజొన్నకును గిట్టుబాటు ధరయును కావలెనని తమ పేరులనే అర్జీగా దాఖలు చేసిరన్నమాట. 2020లో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రాంతీయ కార్యాలయ మొకటి వచ్చినది. రైతు లడిగినది అది కాదు. 2023 అక్టోబరు 1వ తేదీన ప్రధానమంత్రిగారు మహబూబునగరు సభలో జాతీయ పసుపుబోర్డును ప్రకటించిరి. అదే నెల 4వ తేదీన కేంద్రప్రభుత్వము బోర్డు స్థాపనను అధికారికముగా వెల్లడించినది. 2025 జనవరి 14వ తేదీన బోర్డు ప్రారంభమైనది. ఆ యేటి జూను 29వ తేదీన నిజామాబాదులో దాని ప్రధాన కార్యాలయమునకు తలుపులు తెఱచిరి.

ప్రకటన, వెల్లడి, ప్రారంభము, కార్యాలయము: ఇవి నాలుగు వేఱువేఱు కార్యములు. మొదటి రెంటికి నడుమ మూడు దినములు. రెండవదానికిని మూడవదానికిని నడుమ పదునైదు మాసములు. పసుపు భూమిలో నుండునది తొమ్మిది మాసములు. అనగా ఈ యెడములో రైతు ఒక పంట వేసి, త్రవ్వి, ఉడికించి, ఎండించి, అమ్ముకొనుటకు వలసినంత కాలము గడచినది. ఇన్నింటికిని 'బోర్డు వచ్చినది' యను నొక్కమాటయే వాడినచో, మొదటినాడు విన్నవాడు రేపటి ధరను గూర్చి యేమనుకొనును? రెండవ, మూడవ, నాలుగవ పర్యాయములును అదే మాట విన్నవాడు మాటనే నమ్మడు. మొదటిది నష్టము, రెండవది అంతకంటె పెద్ద నష్టము, ఏలయన అప్పుడు నిజముగా వచ్చినదానిని గూడ జనులు రాలేదనుకొందురు.

బోధను సంగతి దీనికంటె విషాదకరము. 1937లో స్థాపించిన నిజాము చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ప్రసిద్ధి కెక్కినది. దానివలననే ఆ చోటికి శక్కర్‌నగరమను పేరు వచ్చినది. 2002లో అది ప్రైవేటువారి యాజమాన్యమునకు పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. పిమ్మట పరిశీలన, పునరుద్ధరణ, సూత్రప్రాయముగా అంగీకారము మొదలగు మాటలు వినవచ్చుచునే యున్నవి. 2024లో పునఃప్రారంభమును విచారించుటకు రాష్ట్రప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. విచారించుట మంచిదే. కాని 'సూత్రప్రాయముగా' అను విశేషణమును మన సోదర పాఠకులు జాగ్రత్తగా గమనింపవలెను. సూత్రమున్నంతమాత్రమున వస్త్రము కాదు.

మౌనమర్ధాంగీకారమని మనలో నొక లోకోక్తి కలదు. పెండ్లికూతు మౌనమును పూర్ణాంగీకారముగా లెక్కించి ముహూర్తము పెట్టిన యిండ్లను మన సంస్కర్తలు ఎంతగా ఖండించిరో మన మెఱుగుదుము. లోకోక్తిలోని 'అర్ధ' శబ్దమును మ్రింగివేయుటయే అచ్చటి దోషము. 'సూత్రప్రాయముగా' అను మాటను మ్రింగి 'అంగీకారము'ను మాత్రము అచ్చువేయువాడును ఆ దోషమునే చేయుచున్నాడు.

రాజ్యకార్యములు మెట్లుమెట్లుగానే నడువవలెను గదా, మాటలను పట్టుకొని పోరనేల యని కొందఱడుగవచ్చును. మెట్లుండుట తప్పని మేమనుట లేదు. ప్రజల ధనమును ఒక్కని నోటిమాటపై వెచ్చింపకుండుటకు ఆ మెట్లు ఉండియే తీరవలెను. మొదటి మెట్టునకు చివరి మెట్టు పేరు పెట్టుటయే తప్పు. ప్రభుత్వపు మాట స్పష్టముగా నుండుట అసాధ్యమును కాదు. 1966 నాటి చెఱకు నియంత్రణపు ఉత్తరువును చూడుడు: చెఱకు అందిన 14 దినములలో మూల్యము చెల్లింపవలెను, ఆలస్యమైన నూటికి 15 చొప్పున వడ్డీ నీయవలెను. ఎవరు, ఎవరికి, ఎన్నాళ్లలో, తప్పినచో నేమి యని అందు స్పష్టముగా నున్నది. దాని యమలు ఎట్లుండినను, అందలి వాక్యమును పట్టుకొని రైతు నిలదీయగలడు. 'మంజూరైనది' యను మాటను పట్టుకొని ఎవరిని నిలదీయవలెను? ఆ క్రియకు కర్తయే లేడు.

అమరకోశమున అనుమతికి మఱియొక యర్థము కలదు. ఒక కళ తక్కువైన చంద్రుడు గల పున్నమకు అనుమతి యని పేరు. పూర్ణచంద్రుడు గలది రాక. ప్రాచీనులు ఒక్క కళ లోపమునకై వేఱొక పేరు పెట్టుకొనిరి. కర్మాగారపు పొగగొట్టమునుండి పొగ రాకమునుపే పని జరిగినదని వ్రాయు మనకు ఆపాటి పట్టుదల యుండవలదా?

కావున మా మనవి యిది. పత్రికలవారు పెద్దలు ప్రకటించిన ప్రకటించిరనియు, మంత్రివర్గ మొప్పుకొన్న ఒప్పుకొన్నదనియు, సొమ్ము విడుదలయైన విడుదలయైనదనియు, పని జరిగిన జరిగినదనియు వేఱువేఱుగా వ్రాయవలెను. ఇంటియందు వార్తలు చదువు పెద్దలు పిల్లలచేత నాలుగు ప్రశ్నలు వేయింపవలెను: మంజూరు చేసినవా రెవరు? ఏ తేదీని? ఎంత సొమ్ము? ఎన్నటిలోపల? ఈ నాలుగింటికి సమాధానము లేని వార్తను చదివి, మన పొలములో నేమి వేయవలెనో నిర్ణయింపరాదు.