వెంగమాంబ విద్య

తిరుమలకొండపై ఏకాంతసేవ జరుగు వేళ తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. యాత్రికులకు నిత్యము అన్నము పెట్టు మహాభవనమునకు ఆమె పేరే పెట్టిరి. ఒక బాలవితంతువునకు, అందును కవయిత్రికి, మన దేశమున నింతటి గౌరవము లభించుట యపూర్వము. అందులకు సంతోషింపని యాంధ్రు డుండడు. కాని కొలుచుట వేరు, చదువుట వేరు. చేతులు జోడించునపుడు కన్నులు మూసికొనుట మనకు పరిపాటి. గ్రంథము చదువవలయునన్న కన్నులు తెరువక తప్పదు. ఆమెను గూర్చి మనము చెప్పుకొను మాటలలో నొకటి నాకు చిరకాలముగా సందేహాస్పదమై యున్నది. ఆమె యేమియు చదువుకొనలేదట! దైవమే యంతయు పలికించెనట! ఈ మాట నించుక విచారింతము.

వెంగమాంబ సుమారు 1730లో తరిగొండయందు జన్మించెను. వాయల్పాటికి సమీపముననున్న యా గ్రామము 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిది. బాల్యముననే వివాహమై, అనతికాలముననే వైధవ్యము ప్రాప్తించినది. నాటి యాచారము ననుసరించి బంధువులు కేశఖండనము చేయింపబూనగా నామె యొడంబడలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన భర్త యని పలికి, సుమంగళీచిహ్నములను విడువక నిలిచెను. మదనపల్లెయందలి సుబ్రహ్మణ్యదేశికుల నాశ్రయించి యోగవిద్య నభ్యసించెను. పిమ్మట తిరుమల చేరి, అచ్చటనే గ్రంథరచనయందును యోగసాధనయందును కాలము గడపి, 1817లో దేహము చాలించెను.

ఆమె రచనలను వరుసగా నిలిపి చూడుడు. నృసింహశతకము, శివనాటకము, నృసింహవిలాసకథ, ముక్తికాంతావిలాసము, రాజయోగామృతసారము, ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము, అష్టాంగయోగసారము, శ్రీవేంకటాచలమాహాత్మ్యము, తత్త్వకీర్తనలు: ఇవి యన్నియు నొక్క చేతినుండి వెలువడినవి. ఇందు శతకము కలదు, యక్షగానము కలదు, ద్విపద కలదు, పద్యకావ్యము కలదు, పాట కలదు. పండితసభకు తగినట్టి పద్యమును, ఇంటి పనులు చేసికొనుచు స్త్రీలు పాడుకొనదగిన ద్విపదను, వీథిలో నాడదగిన యక్షగానమును వేర్వేరుగ నెరిగి, ఏ విషయమున కేది తగునో నిర్ణయింపగలిగిన వివేక మిందు స్పష్టము. పురాణములను, యోగశాస్త్రమును, వేదాంతమును తెనుగున దించుట యూరక యగు పనియా? దీని వెనుక నెన్ని రాత్రుల దీపపు వెలుగు, ఎన్ని తాటియాకులు, ఎంతటి శ్రవణమననములు నుండవలయును!

అయినను ఆమెయే వేంకటాచలమాహాత్మ్యమున తాను బాల్యమున గురువునొద్ద అక్షరాభ్యాసమైనను చేయలేదనియు, ఛందస్సు మున్నగు శాస్త్రముల నెరుగననియు, తరిగొండ నృసింహస్వామి పలికించినట్లు పలుకుచున్నాననియు చెప్పుకొన్నది గదా యని యాక్షేపింతురు. నిజమే. కాని యా మాటను ఛందోబద్ధముగనే చెప్పినది. ఛందస్సు నెరుగనని ఛందస్సులో చెప్పినవారి మాటను అక్షరార్థముగ గ్రహింపదగునా? మొల్లయు నిట్లే తనకు శాస్త్రపాండిత్యము లేదని చెప్పి చక్కని రామాయణము వ్రాసెను. పోతన తన భాగవతమును పలికించువాడు రామభద్రుడని చెప్పెను. మన మా మాట విని పోతన కక్షరములు రావనుకొంటిమా? లేదు; మహాకవి వినయమని శిరసు వంచితిమి. పురుషుడు చెప్పిన వినయమనియు, స్త్రీ చెప్పిన వాఙ్మూలమనియు గ్రహించుట యేమి న్యాయము? ఒకే తూనికరాతితో నిరువురను తూచవలదా?

ఆమె యట్లేల చెప్పవలసివచ్చినదో యూహించుటకు నొక కథ తోడ్పడును. వాసిష్ఠరామాయణమునకు మూలమగు యోగవాసిష్ఠమున చూడాలోపాఖ్యానము కలదు. చూడాల యను రాణి భర్తయగు శిఖిధ్వజునికంటె ముందు జ్ఞానము నార్జించినది. భర్తకు చెప్పబోగా నతడు నవ్వి త్రోసిపుచ్చెను. అతడు రాజ్యము విడిచి యడవికేగిన పిమ్మట నామె కుంభు డను బ్రాహ్మణకుమారుని రూపము దాల్చి బోధింపగా నతడు భక్తితో వినెను. జ్ఞాన మదియే, పలికిన దామెయే, మారినది వేషమొక్కటియే. ఆ గ్రంథమును చేపట్టిన వెంగమాంబ యీ కథ నెరుగదని నేను నమ్మజాలను. చూడాలకు బ్రాహ్మణకుమారుని వేష మెట్లో, వెంగమాంబకు దైవప్రేరణ మట్టిది. ఇందు కపట మున్నదని నేననుట లేదు. ఆమె భక్తి నిష్కళంకమైనది. కాని స్త్రీ తన పేర పలికిన వినని లోకమునకు దేవుని పేర పలికిన వినక గత్యంతరము లేదు. ఆ సంగతి యామె యెరుగును.

కేశఖండనపు కథకును ఇదే గతి పట్టినది. బలవంతముగ తీయించిన కేశములు ఆమె నీట మునిగి లేచునప్పటికి మరల మొలచెనని జనులు చెప్పుకొందురు. ఈ యద్భుతమువలన మన కెంత సుఖము కలిగినదో గమనించితిరా? ఒక బాలిక 'నేనొల్ల'నని పలికిన పలుకు మరుగుపడి, దేవుని మహిమ మాత్రము నిలిచినది. దేవుడామె యెడల ప్రత్యేకముగ దయదలచెను గనుక ఆచారమును మార్చుకొన నక్కర లేకపోయెను. ఊరందలి తక్కిన వితంతువుల తలలపై కత్తి యెప్పటివలెనే నడచినది. వితంతుపునర్వివాహమున కంగీకరించు చట్టము 1856లో వచ్చినను, వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున 1881లో మొదటి వితంతువివాహము జరిపించినను, ఆ కత్తి తోడనే మొక్కపోలేదు. ఒకతెను దేవతగా నిలువబెట్టి, తక్కిన వేలమందిని యథాస్థానముననే యుంచుట సంఘమునకు తెలిసిన ప్రాతయుపాయము.

మరియొక యుపాయమును కలదు. తంజావూరి ముద్దుపళని రాధికాసాంత్వనమును వ్రాసెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని శ్రద్ధతో ప్రకటింపగా, అశ్లీలమని దొరతనమువారు నిషేధించిరి. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. శృంగారము వ్రాసిన స్త్రీ పుస్తకము చెరబడినది. భక్తి వ్రాసిన స్త్రీ పుస్తకము పూజామందిరమున చేరినది. మొదటిదానిని చదువనీయలేదు, రెండవదానిని చదువ నక్కర లేదనుకొంటిమి. చదువరి చేతికి రెండును సరిగా నందలేదు.

వెంగమాంబను నేటి సంస్కర్తృవర్గమున చేర్చవలెనని నా యభిప్రాయము కాదు. ఆమె రచనలలో వితంతువుల దుస్థితిని గూర్చి వాదించు ప్రత్యేకగ్రంథ మేదియు కనరాదు. ఆమె తెరచుకొన్న ద్వారము తనకొరకు తెరచుకొన్నదే. పరులకొరకు దానిని తెరచియుంచు బాధ్యత నామె వహింపలేదు. లేని గుణము నారోపించుటయు, ఉన్న విద్యను కప్పిపుచ్చుటయు రెండును విమర్శకునికి దోషములే. నేను కోరునది యొక్కటియే: చదివినదానికి చదివినదను పేరు, శ్రమించినదానికి శ్రమించినదను పేరు.

ఇది రెండువందల యేండ్లనాటి ముచ్చట యని త్రోసివేయరాదు. తిరుపతిలో 1983లో పద్మావతీ మహిళావిశ్వవిద్యాలయము నెలకొల్పబడినది. పల్లెలనుండి వచ్చి యచ్చట చదువుకొను బాలికలకు, మీ సీమలో నొక మహాకవయిత్రి యుండెను, ఆమె చదువకయే వ్రాసెను అని చెప్పినచో వారేమి గ్రహింతురు? స్త్రీ ప్రతిభ వరమువలన వచ్చునే గాని సాధనవలన రాదని గదా! వరము కోటికొక్కతెకు వచ్చును. విద్య యందరికిని రాగలదు. స్త్రీపురుష సమానత్వమున కాధారము ఆ రెండవ మాటయే. ఇప్పటికిని ఇండ్లలో కుమారుడు పరీక్షలో నెగ్గిన 'కష్టపడి చదివినా'డనియు, కూతురు నెగ్గిన 'అదృష్టవంతురా'లనియు ననుచునే యున్నారు. వెంగమాంబ విషయమున మన వాఙ్మయచరిత్ర చేసిన పొరపాటునకును దీనికిని భేదమేమి?

ఆమె గ్రంథములను దేవస్థానమువారు అచ్చొత్తించియున్నారు. ముత్యాలహారతి జరుగుచునే యుండనిండు. ఆమె పేరిట అన్నము వడ్డింపబడుచునే యుండనిండు. ఒక్కసారి మాత్రము ద్విపదభాగవతమునో, వాసిష్ఠరామాయణమునో చేత బట్టి, తప్పుండిన తప్పనియు, ఒప్పుండిన ఒప్పనియు, పోతన నెట్లు చదువుదుమో యట్లే చదువుదము. కవయిత్రి కంతకు మించిన హారతి లేదు.