పీఠిక: టోర్బెల్ అనే పర్వతగ్రామం

తీర్థమాహాత్మ్యం గాని, యుద్ధవిజయం గాని, మహాపురుషజననం గాని తన పేరు మీద లేని ఒక చిన్న పర్వతగ్రామాన్ని వస్తువుగా స్వీకరించి, దాని భూగోళాన్నీ చరిత్రనూ సాంగోపాంగంగా తెలుగులో నిబంధించిన గ్రంథమిది. దీని రచయిత్రి ఒకప్పుడు నా వద్ద చదువుకున్న విద్యార్థిని. వ్రాతప్రతి నా చేతికిచ్చి పీఠిక రాయమని అడిగినప్పుడు, శిష్యవాత్సల్యం చేత అంగీకరించాను. చదవడం ముగించిన నాటికి, వస్తుగౌరవం చేతనే రాయవలసి ఉన్నదని నిశ్చయించుకున్నాను.

పాఠకులు ఒక్క క్షణం నా పక్కన కూర్చుని ఆ ప్రదేశాన్ని భావించాలి. స్విట్జర్లాండు నైరుతి భాగంలో వాలే అనే రాష్ట్రం ఉంది. తూర్పు నుంచి పడమరకు పారే రోన్ నది దానికి వెన్నెముక. దక్షిణాన ఉన్న మహాశిఖరాల మంచు కరిగి వచ్చే విస్పా నది, విస్ప్ పట్టణం దగ్గర రోన్‌లో కలుస్తుంది. ఆ విస్పా వెంట ఎగువకు నడిస్తే, మాటర్‌హార్న్ పాదాల నుంచి వచ్చే పాయా, సాస్ లోయ నుంచి వచ్చే పాయా స్టాల్డెన్ అనే ఊరి దగ్గర సంగమిస్తాయి. ఆ సంగమానికి పైన, ఎండ బాగా తగిలే నిటారు కొండవాలు మీద, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, నల్లబారిన కలప ఇళ్లతో కనిపించేదే టోర్బెల్. ఊరివారి జర్మన్ మాండలికంలో దాని పేరు తెర్బిల్. నేటి జనసంఖ్య దాదాపు 500. 1891లో మాటర్‌హార్న్ పాదాల దగ్గరి జెర్మాట్ దాకా రైలుమార్గం పడిన నాటి నుంచి దేశదేశాల యాత్రికులు ఆ లోయ అడుగున ప్రయాణిస్తూనే ఉన్నారు గాని, తలపైకెత్తి ఈ ఊరి వైపు చూసినవారు తక్కువ.

ఆ ఒక్క కొండవాలు మీదనే మెట్లుమెట్లుగా ఎన్నో లోకాలున్నాయి. దిగువన ద్రాక్షతోటలు, ఆపైన ఒకప్పుడు రై ధాన్యం పండిన చిన్నచిన్న మడులు, ఊరి చుట్టూ ఎండుగడ్డి కోసుకునే పచ్చికలు, వాటిపైన సూదిమొనల ఆకుల చెట్ల అడవి, అడవి దాటాక 2,000 మీటర్లకు పైబడిన ఎత్తున వేసవి మేతభూములు. ఆ మేతభూమినే వారు ఆల్ప్ అంటారు; పర్వతశ్రేణి పేరులోనూ అదే మాట వినిపిస్తుంది. మోసాల్ప్ అనే మేతభూమికి పైన ఆగ్స్ట్‌బోర్డ్‌హార్న్ శిఖరం మూడువేల మీటర్లకు కొద్దిగా తక్కువలో నిలిచి ఉంటుంది. ఋతువును అనుసరించి మనిషీ పశువూ ఈ మెట్లన్నిటి మీదుగా ఎక్కుతూ దిగుతూ ఉండడమే ఆ ఊరి జీవనయాత్ర.

మంచుకొండల దేశమనగానే జలసమృద్ధిని ఊహించుకునే మన అలవాటును ఈ గ్రంథం మొదటి అధ్యాయంలోనే సరిదిద్దుతుంది. చుట్టూ ఉన్న శిఖరాలు మేఘాలను అడ్డుకోవడం వల్ల స్టాల్డెన్ పరిసరాలు స్విట్జర్లాండు మొత్తంలో అత్యల్పవర్షపాత ప్రాంతం: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు వర్షపాతం కూడా దాదాపు అంతే. ఈ ఒక్క సామ్యాన్ని గ్రహించిన తెలుగువాడికి టోర్బెల్ పరాయి ఊరు కాదు. నీటిని పై కొండల నుంచి చరియల అంచున తవ్విన సన్నని కాలువల ద్వారా, అవసరమైన చోట కొయ్యదోనెల ద్వారా తెచ్చుకుని, వంతులవారీగా పచ్చికలకు పెట్టుకోవడం వాలే ప్రాంతపు ప్రాచీనవిద్య. ఆ కాలువలను అక్కడి జర్మన్‌లో సువోనెన్ అంటారు. ఎవరి వంతు ఎంతసేపో కొయ్యబద్దల మీద గాట్లుగా చెక్కి ఉంచుకునేవారు.

ఇక చరిత్ర. ఈ ఊరి భూమి ఏయే హక్కుల కింద ఉండేదో, ఎలా చేతులు మారేదో తెలిపే పత్రాలు 1224 నుంచి లభిస్తున్నాయి. 1483 ఫిబ్రవరి 1న గ్రామస్థులు సమావేశమై, ఆల్ప్, అడవి, బంజరు భూముల వినియోగానికి ఒక సంఘాన్ని ఏర్పరచుకుని కట్టుబాటుపత్రం రాసుకున్నారు. 1507లో ఉమ్మడి భూములకు ఎల్లలు స్థిరపరచుకున్నారు. 1517లో, అంటే మన వైపు శ్రీకృష్ణదేవరాయలు రాజ్యం చేస్తున్న రోజుల్లో, ఈ గ్రంథానికంతటికీ ప్రాణభూతమైన ఒక నియమం లిఖితమైంది: శీతకాలమంతా సొంత గడ్డితో ఎన్ని ఆవులను పోషించగలడో, అంతకు మించి ఒక్క ఆవును కూడా ఎవడూ వేసవిలో ఉమ్మడి పచ్చికకు తోలరాదు.

ఈ చిన్న వాక్యంలోని ధీశక్తిని చదువరులు తొందరపడక ఆస్వాదించాలి. మంచు కప్పిన నెలల్లో ఆవు కొట్టంలోనే ఉంటుంది. దాని మేత అంతా యజమాని స్వంత పచ్చికలో కోసి ఎండబెట్టి, గడ్డికొట్టంలో నింపుకున్న కసువే. ఆ కసువు ఎంతో ఊరందరికీ కంటికి కనిపిస్తుంది. కనుక ఉమ్మడి సొత్తులో ఎవడి పాలెంత అనే వివాదానికి కొలబద్ద అతడి స్వంత సొత్తులోనే, దాపరికానికి తావు లేని చోట, ముందే అమరి ఉంది. బయట నుంచి పశువులను కొనితెచ్చి వేసవి పచ్చికను కొల్లగొట్టే ఆశకు అక్కడే అడ్డుకట్ట పడింది. ఆల్ప్‌కు ఎక్కించిన వెంటనే ఆవులను లెక్కపెట్టేవారు. ఆ లెక్కను బట్టే వేసవి చివర ప్రతి కుటుంబానికీ చీజ్ వాటా. నియమం మీరినవాడికి జరిమానా విధించే గ్రామాధికారిని గెవాల్ట్‌హాబర్ అనేవారు. వసూలైన దానిలో సగం అతడికే దక్కేది. అతడి జాగరూకతకు ఇంతకంటే పూచీ ఏముంటుంది? సంఘపు అధికారులను పౌరులు ఎన్నుకునేవారు. ఎరువును పచ్చిక మీద పంచడం, బాటలు బాగుచేయడం, హిమపాతాలకు విరిగిన కంచెలను నిలబెట్టడం వంటి పనులకు ఇంటింటి నుంచీ ఏటా ఇన్ని రోజులని మనుషులు రావాలి; మన చెరువుల కింద కుడిమరామత్తు ఎరిగిన వృద్ధులకు దీన్ని వివరించనక్కరలేదు. అడవిలో కొట్టదగిన చెట్లను ముందుగా గుర్తించి, కలపను సమానభాగాలుగా పేర్చి, చీట్లు వేసి పంచుకునేవారు.

ఈ కట్టుబాట్లు లోకానికి తెలిసిన వైనం మరొక మహాపరిశ్రమ కథ. నైజీరియాలోని కొఫ్యార్ కొండజాతి వ్యవసాయాన్ని అధ్యయనం చేసి వచ్చిన అమెరికన్ మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్, 1970 దశకంలో టోర్బెల్‌లో నివసించి, చర్చి దస్తావేజుల్లోని జననమరణవివాహాలను ఒక్కొక్కటిగా కూర్చి, కుటుంబకుటుంబానికీ వంశవృక్షం నిర్మించి, 1981లో ఆ ఊరి మీద గ్రంథం వెలువరించారు. ఉమ్మడి సొత్తు ఎప్పటికైనా నాశనం కాక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ చేసిన వాదం విద్వల్లోకంలో వేదవాక్కుగా చలామణి అవుతున్న కాలమది. నెట్టింగ్ పరిశోధనను ఆధారం చేసుకుని ఎలినార్ ఆస్ట్రమ్ 1990 నాటి తన గ్రంథంలో, ఉమ్మడి సొత్తు నాశనం కాకుండా నిలవగలదనడానికి టోర్బెల్‌ను తొలి ఉదాహరణల్లో ఒకటిగా నిలబెట్టారు. ఉమ్మడి వనరుల పాలన మీద చేసిన కృషికి 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ శాస్త్రంలో దాన్ని అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆస్ట్రమ్ గ్రంథానికి కొద్ది ముందే మన కర్నూలు జిల్లా కాలువ కింది పల్లెల్లో నీరు పారించేవారిని, పొలం కాపలావారిని ఊరుమ్మడిగా నియమించుకునే పద్ధతిని రాబర్ట్ వేడ్ పరిశీలించి, 1988లో పుస్తకంగా రాశారు. ఆస్ట్రమ్ ఆలోచనలో ఆ కర్నూలు పల్లెలకూ స్థానం ఉంది. టోర్బెల్, మన రాయలసీమ ఒకే శాస్త్రచర్చలో పక్కపక్కన కూర్చున్న సంగతిని తెలుగు పాఠకుడికి తెలుగులో చెప్పినందుకు ఈ రచయిత్రిని ప్రత్యేకంగా అభినందిస్తున్నాను.

ప్రశంసించదగిన మరొక గుణం నిష్పక్షపాతం. 1483 నాటి పత్రం పరాయివాడు ఊళ్లో భూమి కొన్నా సరే, అతడికి ఆల్ప్‌లో గాని అడవిలో గాని హక్కు లేదని తేల్చి చెప్పింది. గ్రామం నిలిచింది, కాని తలుపులు మూసుకుని నిలిచింది. 1517 నియమం కూడా సమానత్వాన్ని తేలేదు. పచ్చికలు ఎక్కువున్న ఇంటికి ఆవులూ ఎక్కువే, ఆల్ప్ హక్కూ ఎక్కువే. ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా పంచడం అక్కడి ఆచారం కాబట్టి మడులు ముక్కలుముక్కలై, ఒకే ఇల్లు అంతస్తులవారీగా, గదులవారీగా వారసుల మధ్య చీలిపోయేది. వివాహం ఆలస్యంగా జరిగేది. ఊరి భూమి పోషించలేని వారు ఊరు విడిచేవారు. ఈ మూల్యాన్ని గ్రంథకర్త్రి దాచలేదు, అతిశయోక్తి చేయనూ లేదు. ఆడపిల్లకు సమానవాటా ఇచ్చిన ఆచారాన్ని మాత్రం ఇంకొంత విస్తరించి రాయవలసింది. ద్వితీయముద్రణలో ఆ కొరత తీరుస్తారని ఆశిస్తాను.

ఇరవయ్యవ శతాబ్దంలో విస్ప్‌లోని రసాయన కర్మాగారం గ్రామయువకులకు జీతాలిచ్చింది, మోటారు రోడ్డు కొండెక్కింది, రై మడులు చాలావరకు పచ్చికలయ్యాయి. ఈ ఘట్టాన్ని పుస్తకం క్లుప్తంగా ముగించడం ఉచితమే.

మనకు గ్రామచరిత్రరచన కొత్త కాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి విద్వాంసుల తోడ్పాటుతో కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు, రెండు వందల ఏళ్ల కిందటి మన ఊళ్ల గుళ్లనూ చెరువులనూ మాన్యాలనూ తెలుగులోనే మన ముందుంచుతున్నాయి. ఈ గ్రంథం ఆ వంశంలోనిది. దృష్టి మాత్రం పరదేశపు పల్లె మీద నిలిపింది. జర్మన్ భాష నేర్చుకుని, పాతలిపి పత్రాలు చదవడం అభ్యసించి, ఏళ్ల తరబడి ఓర్పుతో చేసిన పని ప్రతి పుటలోనూ కనిపిస్తుంది.

చదువరులకు నాదొక విన్నపం. టోర్బెల్ చరిత్ర నేడు మనకు దక్కిందంటే, ఎవరో ఆ తోలుపత్రాలనూ చర్చి పుస్తకాలనూ పారవేయకుండా దాచినందువల్లనే. కరణీకం రద్దయిన తరువాత మన పల్లెల్లో ఎన్నో ఇళ్ల అటకల మీద పాత దఫ్తరాలు, నీటి వంతుల లెక్కలు, పోరంబోకు చిఠ్ఠాలు చెదలకు వదిలేసి ఉన్నాయి. మీ ఇంట అటువంటి కట్ట ఒకటి ఉంటే దానిని కాగితాల వ్యాపారికి వేయకండి. దించి, దుమ్ము దులిపి, చదవగలిగినవారి చేతికి అందజేయండి.