ఒక ఖాళీ డబ్బా: వీడియో గేములలో వస్తువు, ప్రయోజనం, లీనత

వీడియో గేములపై జరిగే చర్చలలో ‘ఇందులో ప్రతి వస్తువునూ ముట్టుకోవచ్చు’ అన్న మాట తరచూ ప్రశంసగా వినిపిస్తుంది. ముట్టుకోగల వస్తువుల సంఖ్య పెరిగినకొద్దీ ఆటగాడి లీనత కూడా పెరుగుతుందన్న విశ్వాసం దీని వెనుక ఉంది. ఈ విశ్వాసం పరిశీలనకు నిలవదు. నాలుగు బీరువాలు తెరిచి, వాటిలో చూడదగినదేదీ లేదని గ్రహించిన ఆటగాడు అయిదో బీరువా జోలికి పోడు. అప్పటినుంచి ఆ గది అతనికి ఇల్లు కాదు, నాటకరంగం మీద వేలాడదీసిన చిత్రపటం.

2004లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన హాఫ్-లైఫ్ 2 ఆరంభఘట్టం ఇక్కడ గమనించదగినది. కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ సిటీ 17 అనే నగరంలో రైలు దిగుతాడు. స్టేషన్‌లో ముసుగు ధరించిన పోలీసు ఒకడు ఖాళీ డబ్బాను కింద పడగొట్టి, దాన్ని తీసి చెత్తబుట్టలో వేయమని ఆజ్ఞాపిస్తాడు. వేస్తే నవ్వి దారి ఇస్తాడు. అదే డబ్బాను అతని మీదికి విసిరితే వెంటపడి కొడతాడు. వస్తువులను ఎత్తడం, విసరడం ఆటగాడికి అలవాటు చేయడం ఈ సన్నివేశపు పని. అయితే ఆ పాఠం అవమానం రూపంలో వస్తుంది. పరాధీన నగరంలో పౌరుని స్థితి ఏమిటో ఎవరూ ఉపన్యసించనవసరం లేదు. డబ్బా తీసే చేతికే అది తెలుస్తుంది. విధేయతకూ ధిక్కారానికీ ఒకే వస్తువు సాధనమైంది. ఉచితస్థానంలో ఉన్నప్పుడే అలంకారం శోభిస్తుందన్న క్షేమేంద్రుని ఔచిత్యదృష్టి ఈ డబ్బాకు చక్కగా అన్వయిస్తుంది. అలా నేర్చిన చర్యే తరువాత రేవెన్‌హోమ్ ఘట్టంలో, గ్రావిటీ గన్‌తో రంపపు చక్రాలను శత్రువులపై ప్రయోగించేటప్పుడు ప్రాణరక్షణ సాధనమవుతుంది.

ఒక లోపం మాత్రం చెప్పాలి. డబ్బాను ఎత్తినప్పుడు ఆటగాడి చెయ్యి కనబడదు. వస్తువు గాలిలో తేలుతుంది. ఇంత ఆలోచించి కూర్చిన సన్నివేశంలో ఇది కొంత వెలితే.

ప్రయోజనమంటే కథను ముందుకు నడిపే ఉపయోగమేనా అన్నది అసలు చిక్కు ప్రశ్న. 1999 నాటి షెన్‌మూలో కథానాయకుని ఇంటి సొరుగులు ఎన్నో తెరవవచ్చు. వాటిలో చాలావాటితో కథకు పని లేదు. ఆ ఇంటి దైనందిన జీవితం మాత్రం వాటివల్లనే నమ్మదగినదైంది. ఫుల్‌బ్రైట్ సంస్థ రూపొందించిన గాన్ హోమ్ (2013) దీన్ని మరింత సూక్ష్మంగా నిర్వహించింది. 1995లో యూరప్ పర్యటన ముగించుకొని వచ్చిన కేటీ, తాను లేనప్పుడు కుటుంబం మారిన కొత్త ఇంట్లో అడుగుపెడుతుంది. ఇంట్లో ఎవరూ లేరు. కప్పులు, కలాలు, కాగితాలు చేతిలోకి తీసుకొని తిప్పి చూడవచ్చు. వీటిలో ఉత్తరాలు, క్యాసెట్లు చెల్లెలు శామ్ కథను విప్పుతాయి. మిగిలినవి అనేకం ఏ తాళాన్నీ తెరవవు. కానీ తీసిన వస్తువును తీసిన చోటే తిరిగి పెట్టే అవకాశాన్ని రూపకర్తలు కల్పించారు. దానికి ప్రతిఫలం లేదు. నా దృష్టిలో ఈ ఆటలోని ఉత్తమమైన కల్పన ఇదే. కేటీ ఆ ఇంటి బిడ్డే, అయినా ఆ ఇంటికి కొత్త. తీసినదాన్ని సర్దిపెట్టడంలో ఆటగాడు ఆమె సంకోచాన్ని తనకు తెలియకుండానే అభినయిస్తాడు. సర్దకుండా విసిరేసినా ఆట మందలించదు; అతడు మళ్ళీ ఆ గదికి వచ్చేసరికి కప్పు నేలమీదే పడి ఉంటుంది.