మన పిల్లల లిఖితపత్రికలు

మా బరంపురమున ఆదివారపు తెలుగు తరగతిలో చదువుకొను బాలబాలికలు ఇంతవరకు రెండు లిఖితపత్రికలను వెలువరించిరి. ముద్రణ లేదు, వెల లేదు. ఒక్కటే ప్రతి ఇల్లిల్లు తిరుగును. పేరుపొందిన గ్రంథములకే విమర్శకులు కరవైన యీ దినములలో పిల్లల వ్రాతలకు విమర్శయేమని కొందరు నవ్వవచ్చును. నేనా రెండు సంచికలను అక్షరమక్షరము చదివితిని. మొదటిదానిని దిద్దినవాడను నేనే. కావున ఈ విమర్శలో కొంతభాగము నామీదనే పడును.

మొదటి సంచికలో ఉగాది, తెలుగుభాష గొప్పదనము, గిడుగువారి జీవితము మొదలగు వ్యాసములు కలవు. అక్షరదోషములు మిక్కిలి తక్కువ. కాని పేర్లను చేతితో మూసి చదివినచో ఏది యెవరు వ్రాసినదో చెప్పుట బ్రహ్మకైనను శక్యము కాదు. పండ్రెండేండ్ల బాలుడు మాతృభాష ఔన్నత్యమును గూర్చి చెప్పుచు నాలుగు వాక్యములలో మూడుమార్లు "అజరామరము" అనెను. ఆ మాట అతడెచ్చట నేర్చెను? మా సభలలో నావంటివారి ఉపన్యాసములనుండియే. అనుకరణము తప్పని నేననను. పెద్దల చెప్పులలో కాళ్లు పెట్టి నడువని పిల్లవాడుండడు. అయితే అవి పెద్దల చెప్పులని పిల్లవానికి తెలిసియుండవలెను. ఈ బాలునకు తెలియదు.

ఆ సంచికకు వచ్చిన వ్రాతలలో ఒక్కటి మాత్రము వేరు. బూఢీ ఠాకురాణి యాత్రలో పులివేషము తన వీధికి వచ్చుటను ఒక బాలిక వర్ణించినది. చిత్తుప్రతిలో ఆమె వాక్యమిది: "పులి బేగి బేగి వచ్చీసి మా అరుగు మీద కూకుండిపోనాది." ఆ పులి పక్కవీధి నేతగాడేయని యామె యెరుగును, ఎరిగియు నాయనమ్మ వెనుక దాగినది. పులి దగ్గరకు రాగా రంగు వాసన, చెమట వాసన కలిసి వచ్చెనట. నేను ఎఱ్ఱసిరాతో దానిని "వ్యాఘ్రవేషధారి శీఘ్రముగా నరుదెంచి మా యరుగుపై నాసీనుడయ్యెను" అని మార్చి, వాసనల వాక్యమును అప్రస్తుతమని కొట్టివేసితిని. ఆ బాలిక మారుపలుకక సాపుప్రతి వ్రాసి యిచ్చినది. అటుపిమ్మట ఏమియు వ్రాయలేదు.

కచేరిలో ముప్పదియారేండ్లు ఇతరుల చిత్తులకు సాపులు వ్రాసినవాడను. ఆ కాగితములలో "నేను" అను మాటకు తావు లేదు. వాసనకు అసలే లేదు. ఆ యలవాటునే పిల్లలమీద ప్రయోగించితినని అప్పుడు తోచలేదు.

ఇందలి వింత యేమన, అదే సంచికలో గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) జీవితము కలదు. పంతులుగారు ఉపాధ్యాయత్వము నెరపిన పర్లాకిమిడి మనకు పరాయి ఊరు కాదు. ఆనాటి భాషావివాదము కావ్యములను గూర్చి చెలరేగినదని మనలో పలువురనుకొందురు. అది పెరిగినది బడిపిల్లలు పరీక్షలో వ్యాసమును ఏ భాషలో వ్రాయవలెనను దానిపైననే. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమున నిలిచిరి. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. గెలుపు అప్పటికి గ్రాంథికమునదే. గిడుగువారు తమ గ్రంథమొకదానికి "బాలకవిశరణ్యము" అని పేరిడిరి. శరణు కోరవలసిన భయము బాలురకు కలదని ఆయన యెరుగును. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరెను, ఆయన రాజమహేంద్రవరమునకు తరలిరి. మనము మిగిలితిమి. వ్యావహారికముకొరకు పోరాడినవాని చరిత్రను బాలురచేత గ్రాంథికమున వ్రాయించి, పక్కపుటలో పులిని వ్యాఘ్రము చేసితిని.

ఇంత చెప్పు నీవు గ్రాంథికమేల విడువవని యడుగుదురేమో. నాకు తెలుగు చెప్పిన మాస్టారు నేర్పినది ఇదియే. దీనిలోనే నాకు ధైర్యము. ఆ ధైర్యము పిల్లలకు వారి మాటలో దొరకునేమో!

రెండవ సంచిక నాటికి తరగతిని మా వీధి యింటి కోడలొకతె చేపట్టినది. ఆమె పిల్లలకు విషయముల నీయక, ఒక్క సంగతినే మూడు విధముల వ్రాయుడని చెప్పినది. సంగతి, వీధికుళాయి వద్ద బిందెల తగవు. మొదట నాయనమ్మతో చెప్పినట్లు, పిదప దూరపు మేనమామకు ఉత్తరముగా, తుదకు పోలీసులకిచ్చు ఫిర్యాదుగా వ్రాయవలెను. ఉత్తరములు చప్పగానున్నవి. నేటి పిల్లలు ఫోనులో మాటాడువారేగాని ఉత్తరము నెరుగరు. "ఇచ్చట క్షేమము" అను తోడనే వారి సరకు తీరిపోయినది. నాయనమ్మతో చెప్పినవి బాగున్నవి. ఫిర్యాదులలో ఒకటి చదివి నేను బిగ్గరగా నవ్వితిని. "సదరు బిందె", "పైన ఉదహరించిన ముద్దాయి" అని గంభీరముగా నడిపినవాడు మరెవరో కాదు, అజరామరపు బాలుడే! మొదటి సంచికలో పెద్దమాటలు వానిని మోసినవి. ఇందులో వాడే వానిని ఆడించినాడు. శైలి యనగా ఇదియేనని నా తలంపు. గద్దెనెక్కిన భాషను చూచి భయపడిన పిల్లవాడు దానితో పరిహాసమాడ నేర్చుట సామాన్యమైన చదువు కాదు.

ఇక మరొక రచన. మొదటి సంచికకే ఒక బాలుడు తెలుగుమాటలను ఒరియా లిపిలో వ్రాసి తెచ్చినాడు. బడిలో నేర్చినది ఆ లిపియే. తెలుగుపత్రికలో ఒరియా అక్షరములాయని మేము త్రోసిపుచ్చితిమి. అట్లు పలికినవారిలో నా గొంతే పెద్దది. ఆ రచనయే రెండవ సంచికలో ఎడమపుట వాని లిపిలోను, కుడిపుట స్నేహితుడు దించిన తెలుగులిపిలోను వెలసినది. చివరి నాలుగు పంక్తులు మాత్రము వాడే తెలుగున వ్రాసినాడు. మకారమునకు యకారము, యకారమునకు మకారము పడినవి. విషయము వాని తాత. అంగటిలోను, బ్యాంకులోను, మనుమలతోను ఒరియాయే మాటాడు ఆ ముసలివాడు మగ్గము వద్ద పట్టుపోగులను మాత్రము తెలుగున లెక్కించునట. నడుమ ఎవరైన పలుకరించినచో బదులీయక, మరల ఒకటినుండి మొదలిడును. ఈ రెండు సంచికలలో ఇంతకన్న మేలైన పుట లేదు. దానికిని ఒక మచ్చ కలదు. తుదను "మనమందరము తెలుగును కాపాడుకొనవలెను" అను వాక్యము తగిలించబడినది. అది వానిది కాదు, మాది.

పులి బాలిక రెండవ సంచికలోను వ్రాయలేదు. గుమాస్తా బుద్ధివలన నేను ఏ కాగితమును పారవేయను. ఆమె చిత్తుప్రతిని వెదకి తీసికొని, మొన్న వారింటికి పోయి చేతికిచ్చితిని. ఆమె అరుగుమీదనే నిలిచి మొదటినుండి చదువుకొన్నది.

"పులి ఎలిపోయినప్పటిది ఇందులో రాయనేదు తాతగారూ" అన్నది. "మళ్లీ యాత్ర రావాలి కదా."

యాత్ర రెండేండ్లకొకమారు. కాగితమును ఆమె తనవద్దనే యుంచుకొన్నది.